నల్లనీళ్లకు అడ్డుకట్ట

ఏప్రిల్ ఎండ నడినెత్తి మీద మండుతుండగా, నలుగురూ చూస్తుండగానే, స్తూపాన్ని కూల్చేశారు.

కూల్చబోతున్నారన్న కబురు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకి ఆటోవాళ్లు మోసుకొచ్చారు. గోనెపట్టా మీద కూర్చుని కుళ్లిన పాయలు ఏరుతున్న మునీరా ఆ మాట చెవిన పడగానే లేచింది. ఒళ్లో ఉల్లిపొట్టు దులుపుకోనైనా లేదు. గణపవరం రోడ్డులో స్పిరిట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమె ఆటో దిగేసరికి జేసీబీ అప్పటికే పని మొదలుపెట్టింది.

అది గొప్ప కట్టడమేమీ కాదు. మనిషెత్తు సిమెంటు దిమ్మె, దాని మీద ఎర్రరంగు. ఫ్యాక్టరీ కొత్తగా పెట్టిన రోజుల్లో ఎనిమిది గంటల పని కోసం కూలీలు సమ్మె చేస్తే పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. ఏసుదాసు అనే కలాసీ ఆ దెబ్బలకే పోయాడు. కూలీలు తలా ఇంత వేసుకుని అతని పేరున ఈ దిమ్మె కట్టారు. ఏటా మేడే నాడు అక్కడే జెండా ఎగరేసేవారు. నిరుడు దాని మీద ఇంకో మూడు పేర్లు చేరాయి. వాటిలో మొదటిది మునీరా భర్త పేరు. ఫహీమ్, వెల్డర్.

ఫ్యాక్టరీలో మొలాసిస్, అంటే చెరకు మడ్డి, మరగబెట్టి స్పిరిట్ తీశాక మిగిలే నల్లనీళ్లు వెనకవైపు పెద్ద గుంటలోకి పోతాయి. దాని తూముకి ఇనపరేకు అతకమని నిరుడు వానాకాలంలో లేబరు కంట్రాక్టరు బంగార్రాజు ఫహీమ్‌ను కిందకి దింపాడు. రేకు అతకడమైతే అయింది గానీ, అడుగున విషవాయువు పేరుకుని ఉంది. దిగిన మనిషి మళ్లీ పైకి రాలేదు. అతన్ని లాగుదామని దిగిన అబ్బులూ, నాగేంద్రమూ కూడా అక్కడే ప్రాణాలు వదిలారు. ఎవరూ దిగమనలేదనీ, ముగ్గురూ తాగి దిగారనీ బంగార్రాజు పోలీసులకి చెప్పాడు. ఆ మాటే కేసులోకి ఎక్కింది. స్పిరిట్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసి చుక్క ముట్టని మనిషి, కాగితాల మీద తాగుబోతుగా చచ్చాడు.

ఇప్పుడు ఆ పేరు మీదే జేసీబీ పళ్లు దిగుతున్నాయి.

"ఆపండి! ఏవండీ, ఆపండి!" మునీరా మట్టిలోకి పరిగెత్తింది.

గొడుగు కింద నిలబడి ఉన్న బంగార్రాజు అడ్డం వచ్చాడు. "జాగ్రత్తమ్మా, పైన పడుద్ది. మమ్మల్నేం చెయ్యమంటారండి? రోడ్డు పొడుగునా గ్రీన్ బెల్టు పెడుతున్నారు. మేడే నాడు పెద్దాఫీసర్లు వస్తారు, పేపరోళ్లు వస్తారు. మొక్కలు వేస్తామంటే కాదంటామా? పచ్చదనం మంచిదే కదా!"

"పక్కన ఇంత జాగా ఉంది కదండీ. పేర్లున్న చోటే వెయ్యాలా మొక్కలు?"

అతను డ్రైవరుకి కానిమ్మని చెయ్యి ఊపాడు. దిమ్మె మొదలంటా విరిగి పక్కకి ఒరిగింది. ఫహీమ్ పేరున్న ముక్క వెల్లకిలా పడింది. మునీరా వంగి రెండు చేతులా దాన్ని ఎత్తబోయింది. కదల్లేదు. గేటు లోపల కూలీలు నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ బయటికి రాలేదు, వస్తే రేపటి నుంచి పని ఉండదు. డ్రైవరు కిందకి దిగి, "లేమ్మా, నా ఉజ్జోగం పోద్ది," అని బతిమాలాడు. ఆమె లేచింది. జేసీబీ ఆ ముక్కల్ని రోడ్డు పక్క గోతిలోకి తోసేసి, పైన మట్టి కప్పి, చదును చేసింది.

ఆ సాయంత్రమే ఆమె ఇంటి సందు మొగలో కారు ఆగింది. బంగార్రాజు వెంట మేనేజరు సూర్యప్రకాశరావు కూడా దిగాడు. ఇంతవరకూ ఆ గుమ్మం ఎక్కని మనిషి. కుర్చీ చివర కూర్చుని, చేతులు కట్టుకుని, ఎంతో మెత్తగా మాట్లాడాడు.

"జరిగింది మాకూ బాధేనండి. అందుకే అనుకున్నాం. మేడే నాడు మొదటి మొక్క మీ చేత్తోనే నాటించాలని. ఆయన పేరు మీద. బోర్డు కూడా పెడతాం. మీ అమ్మాయి ఇంటర్ చదువుతోందటగా? ఇంటర్ పూర్తయ్యాక మా ల్యాబులో చూద్దాం."

"ఏం చూస్తారండి?" అంది గుమ్మంలో నిలబడిన రేహానా.

"ఉద్యోగం అమ్మా."

"మా నాన్న తాగి చచ్చిపోయాడని రాశారు కదండీ. తాగుబోతు పేరు మీద మొక్క నాటిస్తారా?"

"రేహానా!" మునీరా కూతుర్ని కసిరింది. కసిరి, తల వంచుకుంది. ఇల్లు అద్దెది. మార్కెట్టులో పని ఉల్లిపాయల లారీ వచ్చిన రోజునే. పిల్ల చదువు ఎంతవరకు సాగుతుందో తెలియదు. పెద్దమనిషి ఇంటికొచ్చి అడుగుతుంటే కాదనడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు.

"ఆయ్, వస్తానండి," అంది.

కారు వెళ్లిపోయింది. రేహానా అన్నం కంచం పక్కకి నెట్టేసింది. "అమ్మీ, నువ్వు నాటిన మొక్క పెరిగి పెద్దదైతే దాని నీడన ఎవరు కూర్చుంటారు? బంగార్రాజు," అంది. తప్పు చేశానని మునీరాకీ తెలుసు. తప్పించుకునే దారే కనపడలేదు.

మేడేకి రెండు రోజుల ముందు కంట్రాక్టు కార్మికుల సంఘం మీటింగు పెట్టింది. సంఘం ఆఫీసంటే ఫ్యాక్టరీకి కాస్త ఇవతల, కాలవగట్టు మీది రేకుల షెడ్డు. సెక్రటరీ నిత్యానందం ఏసుదాసుతో కలిసి సమ్మె చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. అప్పటి నుంచీ సైకిలు రిపేరు చేసుకుంటూ సంఘం నడుపుతున్నాడు. గొంతు తగ్గింది గానీ మాటలో బిగువు తగ్గలేదు.

"స్తూపం పోయింది," అన్నాడతను. "సిమెంటు కదా, పోద్ది. కానీ మేడే మనకి ఎవరో ఇచ్చిన సెలవు కాదు. ఎనిమిది గంటల పని అడిగి ఎక్కడో షికాగోలో ఉరికంబం ఎక్కినోళ్లున్నారు, ఇక్కడ గేటు ముందు తల పగిలి చచ్చినోడున్నాడు. అదే చోట ఎల్లుండి జెండా ఎగరేద్దాం. ఏమంటారు?"

మునీరా వెనక ఆడవాళ్లతో కూర్చుంది. ముందు కూర్చున్న కూలీల ముఖాలు ఆమెకి తెలుసు. ఒకప్పుడు ఫహీమ్ కోసం ఇంటికొచ్చి టీ తాగి వెళ్లినవాళ్లే. ఇప్పుడు కళ్లు తిప్పుకుంటున్నారు.

"మేడే నాడు మాకు సెలవు లేదంట నిత్యానందంగారూ," అన్నాడు చిట్టిబాబు. గుంటలో చచ్చిపోయిన నాగేంద్రానికి అతను స్వయానా అన్న. "ఫంక్షను పనికి అందరూ రావాలన్నారు. రానోడు ఇంక రానక్కర్లేదన్నారు."

"కార్మికుల పండగ నాడు కార్మికుడికి సెలవు లేదు!"

"పండగ ఆళ్లు చేస్తన్నారు కదండీ, మొక్కలతోటి," అన్నారెవరో. ఒకరిద్దరు నవ్వారు. నవ్వులో ఉత్సాహం లేదు.

అప్పుడే షెడ్డు ముందు ట్రాక్టరు ఆగింది. పది పన్నెండు మంది దిగారు, మగా ఆడా. కాళ్లకి ఎండిన బురద. అందరికన్నా ముందు వచ్చిన ముసలామె నెత్తిన తట్ట. మనుషుల మధ్య నుంచి తోసుకుంటూ వచ్చి, నిత్యానందం ముందు ఆ తట్ట బోర్లించింది.

చచ్చిన చేపలు. పొట్టలు ఉబ్బి, కళ్లు తేలేసి, నల్లటి జిగురు పట్టి ఉన్నాయి. కంపుకి జనం వెనక్కి జరిగారు.

"నా పేరు అచ్చాయమ్మ," అంది ఆమె. "గణపవరం అవతల, కొల్లేటి అంచున మా లంక. ఈ సేప ఏదో తెలుసా మీకు? కొర్రమీను. బురదలో బతికే సేప. ఎండాకాలం నీళ్లింకిపోయినా పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుద్ది. అదే సచ్చిపోయింది. మీరొదిలే నల్లనీళ్లకి."

"మేమొదిలేమా?" చిట్టిబాబు లేచాడు. "మేం కూలోళ్లం!"

"తూము తిప్పేది ఎవరు నాయనా? మేనేజరుగోరు దిగి తిప్పుతున్నారా?"

"తిప్పకపోతే పని తీసేస్తారు! ఫ్యాక్టరీ మూయించేసి మా పిల్లలకి ఏం పెట్టమంటారు?"

"మా పిల్లలకి ఏం పెట్టాలో నువ్వు సెప్పు!" వెనకనున్న పల్లెవాళ్లలో ఒకడు ముందుకొచ్చాడు. ఇద్దరి చొక్కాలు ఇద్దరూ పట్టుకున్నారు. బెంచీ తిరగబడింది. చేపల మీద కాలు జారి ఒకతను పడ్డాడు. నిత్యానందం మధ్యలోకి వెళ్లి ఇద్దర్నీ చేతులతో నెట్టి ఉంచాడు, రొప్పుతూ.

"కొట్టుకోండి," అన్నాడు. "బాగా కొట్టుకోండి. లోపల ఏసీ రూములో కూర్చున్నోడికి ఇంతకన్నా కావల్సిందేముంది?"

చొక్కాలు వదిలారు. అచ్చాయమ్మ నేల మీద చతికిలబడింది. ఈసారి ఆమె గొంతులో కోపం లేదు.

"ముందటేడు సర్కారోళ్లు మిషన్లెట్టి మా సెరువుల గట్లు కొట్టేసేరు. కొల్లేరుని కాపాడాలన్నారు, కొంగలూ పచ్చులూ రావాలన్నారు. పెద్దోళ్లకి వేరే ఊళ్లో వేరే సెరువులున్నాయి, ఎళ్లిపోయేరు. మాకేటుంది? సరే, గట్లు పోతే పోయేయి, నీళ్లైనా మిగిలేయి అనుకున్నాం. దోనెలేసుకుని, వెదురుబుట్టల మావులు నీళ్లలో ఎట్టి నాలుగు సేపలు పట్టుకుని బతుకుతున్నాం. ఇప్పుడా నీళ్లే సచ్చిపోతన్నాయి. ఏలూరెళ్లి అర్జీ ఇచ్చేం. నిరుడు ఒకసారి ఆఫీసర్లు వచ్చేరు కూడాను. అప్పుడు ఓ వారం నల్లనీళ్లు ఆగినాయి. అమ్మయ్య అనుకున్నాం. మళ్లీ మామూలే."

మునీరా తల ఎత్తింది.

"నిరుడు ఎప్పుడండి?" అని అడిగింది. గొంతు ఆమెకే వినపడలేదు. మళ్లీ అడిగింది. "ఎప్పుడు ఆగాయి పెద్దమ్మా, నల్లనీళ్లు?"

"శ్రావణమాసంలో. మా ఊళ్లో అమ్మోరి జాతర ముందు."

ఫహీమ్ పోయింది శ్రావణమాసంలోనే. మునీరా చిట్టిబాబు వైపు తిరిగింది.

"చిట్టిబాబూ, ఆయన తూముకి అతికిన రేకు ఏమైంది?"

చిట్టిబాబు నేల చూశాడు.

"చెప్పవయ్యా."

"కోసేశారు వదినా. ఆఫీసర్ల కారు ఏలూరు ఎళ్లిపోయిన మర్నాడే గ్యాసు కట్టరెట్టి కోసేశారు. ఆళ్లకి సూపించడానికే అతికించింది. దానికే ముగ్గురు పోయారు."

మునీరాకి కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. భర్త పోయిన రోజు నుంచి ఆమె మనసులో ఒక చిన్న ఊరట ఉండేది. ఏదో పని మీద పోయాడు, ఆ పనికి ఏదో ప్రయోజనం ఉండే ఉంటుంది అని. ఆ ఊరట కూడా పోయింది. ఒక వారం రోజుల నాటకానికి తెర కట్టడానికి అతన్ని దింపారు. అర్జీ పెట్టింది ఈ ముసలామె. ఆ అర్జీకి భయపడి దింపింది వాళ్లు. చచ్చింది తన మనిషి. చస్తున్నది వీళ్ల నీళ్లు.

అచ్చాయమ్మకి కూడా సంగతి అందింది. కూర్చున్నచోటి నుంచే పాకుతూ వచ్చి మునీరా చేతులు పట్టుకుంది. "తల్లీ, మాకు తెలీదు. మా అర్జీ వల్ల నీ పెనిమిటి..."

"మీ వల్ల కాదు పెద్దమ్మా," అంది మునీరా. ఏడుపు రాలేదు. "నేనింకో మాట చెప్పాలండి అందరికీ. మేడే నాడు మొదటి మొక్క నాటడానికి ఇంటికొచ్చి నన్ను పిలిచారు. వస్తానన్నాను."

"చూశారా!" అన్నాడొకడు. "అమ్ముడుపోయింది."

"నోర్ముయ్యి," అంది అచ్చాయమ్మ. "దిక్కులేనిదాన్ని గుమ్మంలోకొచ్చి అడిగితే ఏమంటది? ఆవిడ అడిగినమాట మీరింతమంది మగోళ్లు ఏడాదై ఎందుకు అడగలేదో అది సెప్పండి."

ఆ తర్వాత మీటింగు చాలాసేపు సాగింది. తూము మూసేద్దామన్నారు కొందరు. తూము లోపల ఉంది, గార్డులున్నారు, లాభం లేదన్నాడు చిట్టిబాబు. సెలవు రోజున తనిఖీలు ఉండవు కాబట్టి మేడే నాడు తూము బార్లా తెరుస్తారని కూడా చెప్పాడు. నిత్యానందం గడ్డం గోక్కుంటూ, "తూము ఆళ్లది. కల్వర్టు దాటాక మురుగు పారే కోడు, ఆ కాలవ ఎవరిది?" అన్నాడు.

"సర్కారుది."

"అంటే మనది. కోడుకి కట్ట వేస్తే నీళ్లెక్కడికి పోతాయి?"

పల్లెవాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఇందాక చిట్టిబాబు చొక్కా పట్టుకున్నవాడు మొదటిసారి నవ్వాడు. "కట్టలు ఏసి ఏసి కాయలు కాసిన సేతులండి మావి. మట్టి మీరందించండి. ఆపే పూచీ మాది."

మేడే వచ్చింది.

ఫ్యాక్టరీ గేటు ముందు షామియానా వేశారు. ఆకుపచ్చ తివాచీ పరిచారు. రోడ్డు పొడుగునా తవ్విన గోతుల దగ్గర క్యాంటీనులోనూ ఊడ్చే పనిలోనూ ఉండే కంట్రాక్టు ఆడవాళ్లను వరసగా నిలబెట్టారు. అందరికీ ఒకే రకం పచ్చ చీరలు కట్టించారు, చేతికి తలా ఒక మొక్క ఇచ్చారు. తెల్లవారినప్పటి నుంచీ ఎండలో నిలబడే ఉన్నారు. మైకులో సూర్యప్రకాశరావు ప్రకృతి గురించి మాట్లాడుతున్నాడు.

ఆ మాటలు కల్వర్టు అవతలికి స్పష్టంగా వినపడుతున్నాయి. అక్కడ, రోడ్డు మలుపు తిరిగి తుమ్మచెట్ల చాటైన చోట, నల్లనీళ్లు నురగలు కక్కుతూ కోడులో పోతున్నాయి. లంకల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చిన పల్లెవాళ్లు నడుములోతు దిగి నిలబడ్డారు. తాటిదుంగలు అడ్డం వేసి, వెదురు తడికలు నిలబెట్టి, మట్టి పోస్తున్నారు. ఒడ్డున కార్మికులు బారుగా నిలబడి తట్టలు అందిస్తున్నారు. అందరూ రాలేదు. సగం మంది ఫంక్షను పనిలో ఉన్నారు. చిట్టిబాబు మాత్రం వచ్చాడు. రేహానా తన కాలేజీ స్నేహితులు ఇద్దరు ముగ్గురిని తీసుకొచ్చింది. నిత్యానందం జెండా కర్ర గట్టు మీద పాతి, తానూ తట్ట పట్టాడు.

మునీరా బురదలో మోకాళ్లదాకా దిగింది. ఆ వాసన ఆమెకి తెలుసు. ఫహీమ్ బట్టలకు అంటుకుని వచ్చేది, ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. ఒక తట్ట అందుకుని ఇంకొకరికి ఇస్తోంది. మళ్లీ తట్ట. మళ్లీ తట్ట.

"ఇప్పుడు కీర్తిశేషులు ఫహీమ్ గారి సతీమణి శ్రీమతి మునీరా గారిని సాదరంగా వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాం," అంది మైకు.

ఒడ్డున అందరూ ఒక్క క్షణం ఆగారు. మునీరా ఆగలేదు. "అందించండయ్యా," అంది.

"మునీరా గారు ఎక్కడున్నా వేదిక మీదకు రావాలి."

తట్ట చేతులు మారింది. కట్ట ఒక్కో జానా పైకి లేస్తోంది. మైకు మూడోసారి పిలిచింది. నాలుగోసారి పిలవలేదు. అప్పటికి కోడు నిండిపోయింది. నల్లనీళ్లు కల్వర్టులోంచి వెనక్కి తన్ని, రోడ్డు పక్క గోతుల్లోకి ఎక్కాయి. మొక్కల కోసం తవ్విన గోతులన్నీ ఒకదాని తర్వాత ఒకటి నిండాయి. పచ్చ తివాచీ కింద నుంచి నల్లగా ఊటలా పైకొచ్చింది. ముక్కులకి రుమాళ్లు అడ్డం పెట్టుకుని అతిథులు కార్లకేసి పరిగెత్తారు. మొక్కలు పట్టుకున్న ఆడవాళ్లు కదలమని ఎవరూ చెప్పకపోవడంతో పాదాలు మునిగే నీళ్లలో అలాగే నిలబడ్డారు.

"మేడే వర్ధిల్లాలి!" అన్నాడు నిత్యానందం. వందమంది గొంతు కలిపారు. ఫంక్షనులో కుర్చీలు మోస్తున్న కూలీల్లో కొందరు అవి దించి ఇటు చూశారు.

బందోబస్తుకి వచ్చిన పోలీసులే తుమ్మచెట్ల మధ్య నుంచి దిగారు. హెచ్చరికా లేదు, మాటా లేదు. మొదటి లాఠీ నిత్యానందం తల మీద పడింది. ముసలాయన అరవలేదు. జెండా కర్ర పట్టుకోబోయి, అందక, గట్టు మీద కూలబడ్డాడు. పల్లెవాళ్లు నీళ్లలో చేతులు పట్టుకుని కట్టకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్లను ఒక్కొక్కర్నీ జుట్టు పట్టి ఒడ్డుకి ఈడ్చారు. చిట్టిబాబు మోచెయ్యి విరిగిన చప్పుడు మునీరాకి వినపడింది. కాలేజీ పిల్లల్ని రోడ్డు మీదకి తరిమేశారు. మునీరాని ఇద్దరు కానిస్టేబుళ్లు రెక్కలు పట్టి లేపారు. అచ్చాయమ్మ ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. ఇద్దర్నీ కలిపే వ్యానులో పడేశారు.

స్టేషను వరండాలో బురద ఎండి ఒంటికి చర్మంలా పట్టేసింది. బయట మిగిలినవాళ్ల నుంచి ఒక్కో కబురూ వస్తోంది. నిత్యానందాన్ని ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తెలివి రాలేదు. జేసీబీ వచ్చి కట్టని రెండు తోపుల్లో తీసేసింది. అది విని అచ్చాయమ్మ తల గోడకి ఆనించింది.

"కట్ట ఎనక నిలిసున్న నీళ్లన్నీ ఒక్కసారే పోతాయి తల్లీ. తెల్లారేసరికి మా లంక సేరతాయి. మేం ఆపకుండా ఉంటేనే కాస్తో కూస్తో నయమేమో."

మునీరా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఇంతమంది ఇంత కష్టపడి వేసిన కట్ట ఒక పూట నిలవలేదు.

ఎస్సై వచ్చి కేసు చదివాడు. చట్టవిరుద్ధంగా గుమిగూడడం, ఉద్యోగుల విధులకు ఆటంకం. అక్కడితో అవలేదు. "కలుషిత జలాలను మళ్లించి, నాటిన మొక్కలను నాశనం చేసి, పర్యావరణానికి హాని కలిగించినందుకు. మేనేజరుగారి కంప్లయింటు."

మొదట ఎవరికీ తలకెక్కలేదు. ఎక్కాక, పల్లెవాళ్లలో ఒకతను పిచ్చివాడిలా నవ్వడం మొదలుపెట్టాడు. కానిస్టేబులు కొట్టబోతే, "కొట్టండి బాబూ, కొట్టండి. సేపల్ని కూడా మేమే సంపేమని రాసుకోండి," అన్నాడు. నవ్వు ఆగలేదు. ఏడుపులోకి దిగింది.

ఎస్సై గదిలోంచి బంగార్రాజు బయటికొచ్చి మునీరా ముందు గొంతుకూర్చున్నాడు.

"నీకెందుకమ్మా ఇదంతా? నిత్యానందం బలవంతాన తీసుకెళ్లాడని ఒక్క సంతకం పెట్టు. ఇప్పుడే ఇంటికి పంపిస్తాను. పిల్ల బయట నిలబడి ఉంది చూడు."

గేటు అవతల రేహానా నిలబడి ఉంది, చేతిలో ఉతికిన చీర. లోపలికి రానివ్వడం లేదు. మునీరా కూతుర్నే చూసింది చాలాసేపు. తాను జైలుకి పోతే ఆ పిల్ల ఎవరింట ఉంటుంది? వండిపెట్టేదెవరు?

"ఆయన తాగి దిగాడని రాయించారు కదండీ," అంది చివరికి. "ముందు ఆ మాట కొట్టేయించండి. తర్వాత నేనేం రాయాలో మాట్లాడుకుందాం."

బంగార్రాజు లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు మేజిస్ట్రేటు అందరికీ రిమాండు వేశాడు. మగవాళ్లు ఏలూరు జైలుకి, ఆడవాళ్లు రాజమండ్రి జైలుకి. కోర్టు ఆవరణలో లంక నుంచి వచ్చిన మనుషులున్నారు. వాళ్లేమీ చెప్పకుండానే ముఖాలు చూసి అచ్చాయమ్మకి అర్థమైంది. నల్లనీళ్లు లంక చేరాయి. నిత్యానందానికి ఇంకా తెలివి రాలేదు. రేహానా వ్యాను కిటికీ జాలీలోంచి తల్లి వేళ్లు పట్టుకుంది.

"నేను వీళ్లతో ఉంటాను అమ్మీ. లంకకి రమ్మన్నారు. నా గురించి దిగులు పెట్టుకోకు."

దిగులు పెట్టుకోకుండా ఎలా ఉంటుంది? మునీరా ఆ వేళ్లు గట్టిగా నొక్కింది. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

అప్పుడు కోర్టు గేటు దగ్గర కొందరు ఆడవాళ్లు కానిస్టేబుళ్లతో వాదిస్తూ కనపడ్డారు. నిన్న మొక్కలు పట్టుకుని నిలబడ్డవాళ్లు. ఒంటి మీద ఇంకా ఆ పచ్చ చీరలే ఉన్నాయి, అంచులన్నీ నల్లగా. ఫంక్షను పాడైందనీ, పరిగెత్తి సాయం పిలవలేదనీ, పొద్దున గేటు దగ్గరే అందర్నీ పనిలోంచి తీసేశారట. వాళ్లలో ఒకావిడ కానిస్టేబుల్ని తోసుకుని వ్యాను పక్కకి పరిగెత్తుకొచ్చింది. మునీరాకి ఆమె పేరు కూడా తెలియదు.

"ఏవమ్మా, ఏవమ్మా!" అని జాలీ మీద కొట్టింది. "నిన్న కట్ట ఎక్కడేశారమ్మా? మేం ఇటునుంచి చూడలేదు. ఏ పక్క?"

వ్యాను కదిలింది. మునీరా జాలీకి ముఖం ఆనించింది.

"కల్వర్టు దాటి మలుపు తిరగండి! తుమ్మచెట్ల కింద! ఈసారి కట్ట దిగువన వెయ్యండి, వెడల్పుగా!"

"మట్టో?"

"గట్టునే తవ్వండి! ఎండకి బిగుసుకుపోయింది, గునపాలు పట్టుకెళ్లండి!"

ఇంజను హోరులో మాట అందిందో లేదో తెలియలేదు. అచ్చాయమ్మ లేచి, ఆమె పక్కన జాలీ పట్టుకుని, తన గొంతు కూడా కలిపింది.

"గునపాలు! గునపాలు పట్టుకెళ్లండే!"